సముద్రం ఎవరిదీ కాదన్న మనిషి

ఈసారి మన క్లబ్ వాళ్ళు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసి ఇమ్మన్నారు. మా బ్యాచ్‌లో ఇద్దరు కలాం గారిని తీసుకున్నారు, ఒకరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని తీసుకున్నారు. నేను తీసుకున్న మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. హ్యూగో గ్రోషియస్. హాలెండ్ దేశస్థుడు, చనిపోయి దాదాపు 380 ఏళ్ళు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివేవాళ్ళకి ఈయన మనకి న్యూటన్ ఎలాగో అలాగ. మొదటి చాప్టర్‌లోనే ఎదురవుతాడు. సీఎస్ఈ చదివే నాకు ఈయనతో ఏం పని అంటారా, చెప్తాను. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే కొంచెం సర్దుకోండి.

సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం ఓడల కదలికల డేటా తీసుకున్నాం. పెద్ద ఓడలు ఏఐఎస్ అనే పరికరంతో తాము ఎక్కడున్నామో, ఎటు పోతున్నామో రేడియోలో చెప్తూ ఉంటాయి. ఆ డేటాలో ఫ్లాగ్ అని ఒక కాలమ్ ఉంది. మనకి ఫ్లాగ్ అంటే ఏముంటుంది, సున్నానో ఒకటో ఉంటుంది కదా అనుకున్నాను. తెరిచి చూస్తే అన్నీ దేశాల పేర్లు. అది నిజంగానే జెండా. ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశం జెండా ఎగరేస్తుంది, నడిసముద్రంలో ఆ ఓడ మీద చెల్లేది ఆ దేశం చట్టమే.

ఇంకో చోట ఒకే ఓడ నంబరుకి ఒక ఏడాది ఒక దేశం, రెండేళ్ళ తర్వాత ఇంకో దేశం కనపడింది. డేటాలో తప్పు అనుకుని ఆ వరసలు తీసేయబోయాను. మా గైడ్ ఆపి, అది తప్పు కాదని చెప్పారు. ఓడలు జెండా మార్చుకోవచ్చు. చాలావాటికి వ్యాపార కారణాలే ఉంటాయి. కానీ కొన్ని చేపల ఓడల సంగతి వేరు. కొన్ని దేశాలు కూర్చుని ఈ చేపని ఇంతకి మించి పట్టకూడదని ఒప్పందం రాసుకుంటాయి. ఆ ఒప్పందం ఇష్టం లేని యజమాని తన ఓడని సంతకం పెట్టని దేశానికి మార్చేస్తాడు. ఓడ అదే, వల అదే, చేప అదే. జెండా ఒక్కటే మారింది, దాంతో ఒప్పందం ఆ ఓడకి వర్తించకుండా పోయింది. నడిసముద్రంలో ఎవరి పెత్తనమూ ఉండదని అసలు ముందు అన్నదెవరు అని వెతుకుతుంటే ఈయన దొరికాడు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మాది దర్శి దగ్గర. సముద్రం చూడాలంటే మేం ఒంగోలు దాటి కొత్తపట్నం పోవాలి. మా వైపు నీళ్ళంటే సాగర్ కాలువ, లేదంటే బోరు. మా చేలు కాలువ చివర ఉంటాయి కాబట్టి మాకు బోరే దిక్కు. నేను ఇంటర్ చదివేటప్పుడు చుట్టుపక్కల చేల రైతులు ఐదుగురు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఎవరూ మూడు వందల అడుగులు దాటి బోరు దించకూడదు అని. ఆరో చేను కౌలుకి చేసే ఆయన ఆ మాటలో లేడు. ఆ ఏడే ఆయన ఆరు వందల అడుగులు దించాడు. జనవరిలో, మిరప కాపు మీద ఉండగా మా బోరు ఎండిపోయింది. మా తాత వెళ్ళి అడిగితే, తను ఎవరికీ మాట ఇవ్వలేదని ఆయన చెప్పాడట. మా తాతకి దానికి జవాబు దొరకలేదు. ఆ ఏడు మా తోట రెండు కోతలతో ఆగిపోయింది. గ్రోషియస్ జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఆ బోరే గుర్తొచ్చింది.

ఆయన 1583 ఏప్రిల్ 10న డెల్ఫ్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. అసలు పేరు హ్యూగో ద గ్రూట్. లాటిన్‌లో రాసేటప్పుడు గ్రోషియస్ అయ్యాడు. అప్పటికి హాలెండ్ స్పెయిన్ రాజు మీద తిరగబడి యుద్ధం చేస్తోంది. పిల్లవాడు మామూలువాడు కాదు. ఎనిమిదేళ్ళకి లాటిన్ పద్యాలు రాశాడు. పదకొండేళ్ళకి లైడెన్ యూనివర్సిటీలో చేరాడు. మనం ఆరో క్లాసులో ఉండే వయసు అది. పదిహేనేళ్ళకి హాలెండ్ దూతలతో కలిసి ఫ్రాన్స్ వెళ్తే, అక్కడి రాజు నాలుగో హెన్రీ ఈ కుర్రవాణ్ణి చూసి ఆశ్చర్యపోయాడని చెప్తారు. అదే ప్రయాణంలో ఆర్లియన్స్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. పదహారేళ్ళకి హేగ్ నగరంలో లాయరు. నా వయసుకి ఆయన కోర్టులో మూడేళ్ళ సీనియర్. మా ఇంట్లో ఈ ముక్క చెప్పి తప్పు చేశాను, ఇప్పటికీ దెప్పుతున్నారు.

ఆయన జీవితం మలుపు తిరిగింది ఒక ఓడ వల్ల. 1603 ఫిబ్రవరిలో సింగపూర్ దగ్గర హీమ్‌స్కెర్క్ అనే డచ్ కెప్టెన్, శాంతా కతరీనా అనే పోర్చుగీసు ఓడని పట్టుకున్నాడు. దాన్నిండా చైనా పట్టు, పింగాణీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే 30 లక్షల గిల్డర్లకి పైగా వచ్చింది. అప్పట్లో తూర్పు సముద్రాలు మొత్తం తమవేనని పోర్చుగీసువాళ్ళు అనేవాళ్ళు. తమ పత్రం లేకుండా తిరిగే ఓడల్ని పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ ఓడనే డచ్చివాళ్ళు పట్టుకున్నారు. అది యుద్ధంలో గెలుచుకున్న సొమ్మా, లేక దొంగతనమా అని గొడవ మొదలైంది. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ వాటాదారుల్లోనే కొందరికి ఆ డబ్బు ముట్టుకోవడం నచ్చలేదు. అప్పుడు కంపెనీ తన తరఫున వాదన రాయమని ఈ ఇరవయ్యొక్కేళ్ళ లాయరుని అడిగింది.

గ్రోషియస్ రెండేళ్ళు కూర్చుని పెద్ద గ్రంథం రాశాడు. అది ఆయన బతికుండగా అచ్చు కాలేదు. కాగితాలు ఇంట్లోనే ఉండిపోయి, 1864లో ఒక వేలంలో బయటపడ్డాయి. కానీ అందులో ఒక అధ్యాయాన్ని మాత్రం విడిగా, పేరు లేకుండా, 1609లో అచ్చువేశారు. దాని పేరు మారే లిబెరుమ్, అంటే స్వేచ్ఛా సముద్రం. చిన్న పుస్తకమే. అందులో వాదన ఇలా సాగుతుంది. ఒక వస్తువు నాది అనాలంటే దాన్ని పట్టుకోగలగాలి, గట్టు వేసుకోగలగాలి. సముద్రానికి గట్టు వేసేదెవరు? పైగా ఒకడు వాడుకున్నంత మాత్రాన ఇంకొకడికి తరిగిపోయేది కాదు. మీ ఓడ వెళ్ళిన దారిలోనే మా ఓడా వెళ్తుంది, దారి అరిగిపోదు. గాలి ఎలాగో సముద్రమూ అలాగే. కాబట్టి అది ఏ రాజుదీ కాదు, ఏ పోపూ దాన్ని ఎవరికీ రాసివ్వలేడు.

ఓడ ప్రయాణం వరకు ఈ వాదనకి తిరుగులేదు. మరి చేప? చేప విషయం ఆయనకి తట్టకపోలేదు. చేపలు ఒక రకంగా తరిగిపోయేవే అనొచ్చు, అయినా ప్రయాణాన్ని ఆపడానికి అది కారణం కాదు అన్న అర్థం వచ్చే ముక్క ఒకటి ఆ పుస్తకంలోనే ఉంది. ఒక్క ముక్క. ఆయన అక్కడ ఆగలేదు, ముందుకి వెళ్ళిపోయాడు. ఆయన్ని కంపెనీ పెట్టుకున్నది మిరియాల కోసం, లవంగాల కోసం. చేపల కోసం కాదు కదా. మనం కూడా కోడ్ రాసేటప్పుడు తర్వాత చూద్దాంలే అని ఒక కామెంట్ పెట్టి వెళ్ళిపోతాం. ఆ కామెంట్ దగ్గరే తర్వాత ప్రోగ్రాం కూలుతుంది.

ఈ పుస్తకానికి మన తీరంతో సంబంధం ఉందని నాకు ముందు తెలీదు. అది అచ్చవడానికి మూడేళ్ళ ముందే, 1606లో, అదే డచ్ కంపెనీ పేటపోలిలో దుకాణం పెట్టింది. పేటపోలి అంటే ఇప్పటి మన నిజాంపట్నం. మచిలీపట్నంలో కూడా పెట్టారు. గోల్కొండ సుల్తాన్ అనుమతి తీసుకుని, సుంకం మాట్లాడుకుని వ్యాపారం చేశారు. చిరివేరుతో ఎర్రగా అద్దిన మన బట్టలు కొని తూర్పు దీవులకి తీసుకెళ్ళేవాళ్ళు, అక్కడ వాటికి బదులు మసాలా దినుసులు తీసుకునేవాళ్ళు. అంటే నడిసముద్రం ఎవరిదీ కాదని వాదించిన కంపెనీయే రేవులో మాత్రం చేతులు కట్టుకుని పర్మిషన్ అడిగింది.

రేవు దగ్గర మాట చెల్లడం మన వైపు పాత అలవాటే. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకు ముందు రాజులు లాక్కునేవాళ్ళట. తను అలా చెయ్యనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని పరదేశి వర్తకులకి ఆయన రాతిమీద రాసిచ్చాడు. ఆ వర్తకులు ఆయన ప్రజలు కారు. వాళ్ళ రాజులతో ఆయనకి ఒప్పందమూ లేదు. అయినా తన రేవుకి వచ్చిన ఓడ తన నియమం కిందకి వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

1609లోనే చేపల గొడవ గ్రోషియస్‌ని వెతుక్కుంటూ వచ్చింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ రెండింటికీ రాజైన జేమ్స్, తన తీరాల్లో విదేశీయులు లైసెన్సు లేకుండా చేపలు పట్టకూడదని ప్రకటన చేశాడు. అది ముఖ్యంగా డచ్చివాళ్ళ మీదే. వాళ్ళు ఏటా పెద్ద పెద్ద పడవల్లో స్కాట్లండ్ తీరానికి వచ్చి హెర్రింగ్ చేప పట్టి, పడవలోనే ఉప్పువేసి పీపాల్లో నింపుకుని పోయేవాళ్ళు. 1613లో విలియం వెల్‌వుడ్ అనే స్కాట్లండ్ మాస్టారు గ్రోషియస్ పుస్తకానికి జవాబు రాశాడు. ఈయన సెయింట్ ఆండ్రూస్‌లో ముందు లెక్కలు చెప్పి తర్వాత న్యాయశాస్త్రం చెప్పినవాడు. నడిసముద్రం సంగతి ఎలా ఉన్నా, తీరం దగ్గర సముద్రం తీరంవాళ్ళదే అన్నాడు. కారణం చాలా మామూలుది. ఒకప్పుడు ఒడ్డు దాకా వచ్చే చేప, బయటి పడవలు ఏటా వచ్చి చెదరగొట్టడం వల్ల ఇప్పుడు రావడం లేదు, ఒడ్డునున్న బీదవాళ్ళకి తిండి పోతోంది. చేప తరుగుతుంది కదా, ఆ మాట నీ పుస్తకంలోనే ఉంది కదా అని సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. గ్రోషియస్ దానికి సమాధానం రాశాడు కానీ బయటికి తీసుకురాలేదు. అది కూడా ఆయన పోయిన రెండు శతాబ్దాల తర్వాతే, 1872లో అచ్చయింది.

అదే 1613లో నాకు ఆయన జీవితం మొత్తంలో ఎక్కువ ఆసక్తిగా అనిపించిన సంఘటన జరిగింది. డచ్ కంపెనీ తరఫున మాట్లాడటానికి ఆయన్ని లండన్ పంపారు. మసాలా దీవుల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా వ్యాపారం చేసుకుంటామంటున్నారు, డచ్చివాళ్ళు వద్దంటున్నారు. ఇంగ్లీషువాళ్ళు తమ వాదన కోసం ఏ పుస్తకం తెచ్చి ముందు పెట్టారో తెలుసా? మారే లిబెరుమ్. సముద్రం అందరిదీ, వ్యాపారం అందరిదీ అని మీవాళ్ళే రాశారు కదా అన్నారు. రాసినవాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆయన ఇచ్చిన జవాబు ఏమిటంటే, ఆ దీవుల రాజులు సరుకంతా మాకే అమ్ముతామని ఒప్పందం చేసుకున్నారు, కాబట్టి ఆ ఒప్పందంలో లేని మీరు కూడా దాన్ని చెడగొట్టకూడదు అని.

నేను ఈ భాగం రెండుసార్లు చదివాను. నాలుగేళ్ళ ముందు, మాట ఇవ్వనివాణ్ణి ఎవరూ ఆపలేరనిపించేలా రాసిన మనిషి. ఇప్పుడు మాట ఇవ్వనివాడు కూడా ఆగాలంటున్నాడు. అవసరాన్ని బట్టి మాట మార్చాడని తిట్టుకోవచ్చు, అది నిజం కూడా. కంపెనీ జీతం తీసుకునే లాయరు కంపెనీకి కావాల్సింది చెప్పాడు. ఆ ఒప్పందాలు కూడా దీవులవాళ్ళు మనస్ఫూర్తిగా చేసుకున్నవి కావు, వెనక ఫిరంగులున్నాయి. కానీ ప్రశ్న మాత్రం అసలైనది. పదిమంది ఒక మాట అనుకున్నప్పుడు, ఆ మాటలో లేని పదకొండోవాడికి దానితో సంబంధం ఉందా లేదా? మా తాత చేను గట్టు మీద నిలబడి అడిగింది కూడా ఇదే.

తర్వాత ఆయన జీవితం సినిమా కథే. రాటర్‌డామ్ నగరంలో పెద్ద పదవి వచ్చింది. హాలెండ్‌లో మత వివాదం రాజకీయ గొడవగా మారింది. గ్రోషియస్ ఓడిపోయిన పక్షంలో ఉన్నాడు. 1618లో అరెస్టు చేశారు. ఆయన నాయకుడు ఒల్డెన్‌బార్నెవెల్ట్‌కి 1619లో తల తీశారు. ఆయనకి యావజ్జీవ శిక్ష వేసి లోవెస్టైన్ కోటలో పెట్టారు. భార్య మరియా కూడా ఆయనతో పాటే కోటలో ఉంది. చదువుకోవడానికి పుస్తకాలు ఒక పెద్ద పెట్టెలో వచ్చేవి, చదివినవి అదే పెట్టెలో వెళ్ళేవి. మొదట్లో కాపలావాళ్ళు ప్రతిసారీ పెట్టె తెరిచి చూసేవాళ్ళు, రానురాను చూడటం మానేశారు. మరియా అది గమనించింది. 1621 మార్చి 22న పుస్తకాలకి బదులు మొగుణ్ణి పెట్టెలో పడుకోబెట్టి తాళం వేసింది. పనమ్మాయి ఎల్స్య ఆ పెట్టెతో పాటు పడవలో వెళ్ళి పక్క ఊళ్ళో దించింది. అక్కడి నుంచి తాపీమేస్త్రి వేషంలో ఆయన దేశం దాటాడు. మరియా కోటలోనే ఉండిపోయి, అంతా అయ్యాక నిజం చెప్పింది. కొన్నాళ్ళకి ఆమెనీ వదిలేశారు. గ్రోషియస్ తెలివితేటల గురించి అందరూ రాస్తారు కానీ, ఈ ప్లాన్ మాత్రం ఆవిడది.

పారిస్‌లో ఉంటూ 1625లో ఆయన తన పెద్ద పుస్తకం తెచ్చాడు. యుద్ధానికి, శాంతికి సంబంధించిన న్యాయం గురించి. యూరప్‌లో అప్పుడు ముప్ఫై ఏళ్ళ యుద్ధం నడుస్తోంది. ఏ మతంవాడికైనా, ఏ రాజుకైనా వర్తించే నియమాలు కొన్ని ఉండి తీరాలన్నది దాని సారాంశం. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వాటిలో ముఖ్యమైనది. సముద్రం విషయంలో కూడా కొంచెం సర్దుకున్నాడు. ఒడ్డు మీద నిలబడి అదుపు చెయ్యగలిగినంత మేర సముద్రం మీద ఒడ్డువాళ్ళకి అధికారం ఉండొచ్చని ఒప్పుకున్నాడు. వెల్‌వుడ్ మాస్టారు అది చదివితే ఏమనుకునేవారో.

1631లో సొంత దేశం వెళ్ళి చూశాడు, ఉండనివ్వలేదు. తర్వాత పదేళ్ళు స్వీడన్ రాయబారిగా పారిస్‌లో పనిచేశాడు. 1645లో స్వీడన్ రాణి క్రిస్టీనా పిలిస్తే వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఓడ ఎక్కాడు. తుఫానుకి ఆ ఓడ జర్మనీ వైపు ఒడ్డుకి కొట్టుకుపోయింది. నీరసంతో, వానలో బండి మీద రోస్టాక్ ఊరు దాకా చేరి, ఆగస్టు 28న చనిపోయాడు. అరవై రెండేళ్ళు. ఎవరూ అదుపు చెయ్యలేరని ఆయన రాసిన సముద్రమే ఆయన్ని ఒడ్డున పడేసింది. సమాధి డెల్ఫ్ట్‌లో, పుట్టిన ఊళ్ళోనే ఉంది.

మనిషి పోయాడు, మాట మిగిలింది. తర్వాత మూడు వందల ఏళ్ళు సముద్రం అంటే స్వేచ్ఛే. తెరచాప పడవలు, చేత్తో లాగే వలలు ఉన్నంత కాలం చేపకి పెద్దగా తెలియలేదు. ఇంజన్లు, సోనార్లు, ఓడలోనే ఫ్రీజర్లు, వంద కిలోమీటర్ల దాకా సాగే గాలపు తాళ్ళు వచ్చాక తెలిసింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే దాదాపు 370 కిలోమీటర్ల దాకా, చేపల మీద హక్కు తీర దేశానికి ఇచ్చింది. మన దేశం 1976లోనే ఈ హద్దుకి చట్టం చేసుకుంది, 1981లో విదేశీ చేపల ఓడల మీద ఇంకో చట్టం తెచ్చింది. ఇది వెల్‌వుడ్ గెలిచిన భాగం. ఆ గీత దాటితే ఇప్పటికీ గ్రోషియస్ సముద్రమే.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. మా దర్శికి కొత్తపట్నం నుంచి చేపలు తెచ్చే ఆయన ఆ రెండు నెలలూ చెరువు చేపలే తెస్తాడు. అక్కడి పడవలవాళ్ళు ఆ రెండు నెలలు కడుపు కట్టుకుంటారు. కానీ ట్యూనా లాంటి చేపకి గీత తెలీదు. ఇవాళ మన వైపు, రేపు గీత అవతల. అవతల దానికి రక్షణ ఏమిటంటే, దేశాల మధ్య ఒప్పందాలే. ఒప్పందం సంతకం పెట్టినవాళ్ళనే కట్టేస్తుంది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో అడ్వైజరీ లాక్ చదువుకున్నాం గుర్తుందా? ఒక ఫైలుకి లాక్ వేస్తాం. ముందు లాక్ ఉందా అని అడిగే ప్రోగ్రాములు ఆగుతాయి. అడగని ప్రోగ్రాం నేరుగా వెళ్ళి రాసేస్తుంది. తప్పు లాక్‌లో లేదు, అందరూ అడుగుతారనుకోవడంలో ఉంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు, జరిగింది. ఉత్తర అట్లాంటిక్‌లో సాల్మన్ చేపని నడిసముద్రంలో పట్టకూడదని కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 1990 ప్రాంతంలో పనామా, పోలండ్ జెండాలు కట్టుకున్న పడవలు వచ్చి అక్కడే పట్టాయి. ఆ రెండూ ఒప్పందంలో లేవు. అట్లాంటిక్ ట్యూనా కమిషన్‌కీ ఇదే తలనొప్పి. అది 1996లో ఒక పని చేసింది. బెలీజ్, హొండురాస్, పనామా ఓడలు పట్టిన బ్లూఫిన్ ట్యూనాని సభ్య దేశాలేవీ కొనకూడదని తీర్మానించింది. నడిసముద్రంలో ఓడని ఆపలేరు. కానీ చేప అమ్ముకోవాలంటే ఎప్పటికైనా ఒడ్డుకి రావాల్సిందే. 1998లో పనామా ఆ కమిషన్‌లో సభ్యురాలిగా చేరింది.

1995లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఇంకో అడుగు వేసింది. ఒక ప్రాంతంలో చేపల సంస్థ ఉంటే, దానిలో చేరినవాళ్ళకి, లేదా చేరకపోయినా దాని నియమాలు పాటిస్తామన్నవాళ్ళకి మాత్రమే అక్కడ పట్టే అవకాశం. మన దేశం 2003లో దీనిలో చేరింది. 2009లో రేవుల ఒప్పందం వచ్చింది. దొంగ వేట చేసిన ఓడని రేవులోకి రానివ్వకూడదు, సరుకు దించనివ్వకూడదు. హిందూ మహాసముద్రంలో ట్యూనా కమిషన్ సీషెల్స్ నుంచి పనిచేస్తుంది, అలాంటి ఓడల జాబితా అదీ ప్రకటిస్తుంది. జెండా మార్చినా, పేరు మార్చినా జాబితా వెంటాడేలా ఓడ నంబరు చూస్తారు. మా ప్రాజెక్టులో నేను తీసేయబోయిన వరసలు ఇందుకే పనికొస్తాయి. గణపతిదేవుడు మోటుపల్లిలో చేసింది కూడా, దయ వైపు నుంచి, ఇదే పని. నీ రాజు ఎవరైనా కానీ, నా రేవుకి వస్తే నా నియమం.

అయితే సంతకం పెట్టనివాళ్ళందరూ దొంగలేనా? అలా అనుకునే రాయడం మొదలుపెట్టాను. కానీ హిందూ మహాసముద్రంలో ట్యూనా బాగా పట్టేవాళ్ళలో తైవాన్ ఒకటి. అది ట్యూనా కమిషన్‌లో సభ్యురాలు కాలేదు, ఎందుకంటే ఆ కమిషన్ ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కింద ఉంది, తైవాన్‌కి అక్కడ కుర్చీ లేదు. వాళ్ళని ఆహ్వానిత నిపుణులుగా కూర్చోబెడుతున్నారు. ఇంకా కొన్ని పేద దేశాల బాధ ఏమిటంటే, పెద్ద దేశాలు ముందు కడుపునిండా పట్టి, చేప తరిగాక వాటాలు రాసుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళని నియమం పాటించమంటున్నాయని. తలుపు వెయ్యడం ఒక్కటే చాలదు, లోపల కుర్చీ కూడా వెయ్యాలి.

ఇది రాస్తూ సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా తాతని ఒక ప్రశ్న అడిగాను. ఆ రోజు మీరు ఐదుగురూ కూర్చున్నప్పుడు ఆరో ఆయన్ని పిలిచారా అని. తాత కాసేపు మాట్లాడలేదు. పిలవలేదట. కౌలు రైతు కదా, ఏడాదో రెండేళ్ళో ఉండి పోతాడు, భూమి ఆయనది కాదు కదా అనుకున్నారట. ఆయనకేమో ఎకరానికి ముందే కౌలు కట్టాడు, పంట పోతే అప్పు మాత్రమే మిగులుతుంది. ఆరు వందల అడుగులు దించడానికి తెచ్చింది కూడా అప్పే. ఆ బోరు ఇప్పుడు అది కూడా సన్నగా పోస్తోందట.

గ్రోషియస్ గొప్పవాడా అంటే నేను చెప్పలేను. కంపెనీ కోసం రాశాడు, అవసరానికి మాట మార్చాడు, చేప దగ్గర ఒక ముక్క రాసి దాటేశాడు. కానీ రాజు కన్నా పైన ఏదో ఒక నియమం ఉండాలని, అది మనుషులు ఇచ్చుకున్న మాట మీద నిలబడుతుందని జైలు నుంచి పారిపోయి, దేశం లేకుండా తిరుగుతూ కూడా నమ్మాడు. ఆయన వదిలేసిన ముక్క మీద పని మనదాకా వచ్చింది.

ఈ ఎండాకాలం మా చేల దగ్గర మళ్ళీ కూర్చుంటారట. ఈసారి ఆరుగురికీ కబురు పెట్టాలని తాతతో చెప్పాను. సరే చూద్దాం అన్నాడు. ఆరో ఆయన ఇంటికి కబురు తీసుకెళ్ళే పని నాకే పెట్టాడు. పరీక్షలు అవగానే వెళ్తాను.